కృత్రిమ గడ్డి: ఇంటి తోటలో మన్నిక

కృత్రిమ గడ్డి అంటే ప్లాస్టిక్ పోగులను ఒక అడుగు పొరలో కుచ్చులుగా కుట్టి, పచ్చికలా కనిపించేట్టు తయారుచేసిన నేలపరుపు. ఆటస్థలాల కోసం పుట్టిన ఈ వస్తువు ఇప్పుడు ఇళ్ళ ముందు ఖాళీ జాగాల్లో, డాబాల మీద, అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో మామూలైపోయింది. తెలుగు రాష్ట్రాల దుకాణాల్లో దీన్ని ఆర్టిఫిషియల్ గ్రాస్ అని, టర్ఫ్ అని, ప్లాస్టిక్ గడ్డి అని అంటారు. ఎక్కువగా 2 మీటర్ల వెడల్పున్న చుట్టలుగా వస్తుంది, చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు.

ఇంటి వాడకంలో మంచి రకం పాలీఎథిలీన్ గడ్డిని పద్ధతిగా పరిస్తే 8 నుంచి 15 ఏళ్ళు మన్నుతుందని సాధారణ అంచనా. 20 ఏళ్ళని చెప్పే తయారీదారులూ ఉన్నారు. నేరుగా ఎండ పడే డాబా మీద పరిచిన చౌక రకం 2 నుంచి 4 ఏళ్ళలోనే పాడవుతుంది. అంకెల మధ్య ఇంత తేడా ఉండటానికి కారణం ఉంది. ఈ గడ్డిలో పోగుకు ఒక ఆయువు, అడుగు పొరకు ఒక ఆయువు, అతుకులకు మరొకటి. వీటిలో ఏది ముందు పోతే దానితోనే మొత్తం పరుపు వాడకానికి పనికిరాకుండా పోతుంది. కొనేవాళ్ళు దాదాపుగా పోచల అందం చూసి కొంటారు. చాలా ఇళ్ళలో ముందు పాడయ్యేది మాత్రం కంటికి కనిపించని అడుగు భాగం.

చరిత్ర

అమెరికాలో 1950ల చివర, 1960ల మొదట్లో నగరాల పిల్లలకు ఆడుకోవడానికి మెత్తని నేల దొరకడం లేదన్న ఆందోళన ఉండేది. ఫోర్డ్ ఫౌండేషన్ ప్రోత్సాహంతో మోన్‌శాంటో కంపెనీకి చెందిన పరిశోధకులు నైలాన్ పోగులతో కెమ్‌గ్రాస్ అనే నేలపరుపును తయారుచేశారు. 1964లో రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్ నగరంలోని మోజెస్ బ్రౌన్ పాఠశాలలో దాన్ని మొదటిసారి పెద్ద ఎత్తున పరిచారు. ఆ పరిశోధకుల్లో జేమ్స్ ఫారియా, రాబర్ట్ రైట్ పేర్లమీద 1967లో పేటెంటు వచ్చింది.

దానికి పేరు తెచ్చింది హ్యూస్టన్ నగరంలోని ఆస్ట్రోడోమ్. 1965లో తెరిచిన ఈ పైకప్పు స్టేడియంలో మొదట సహజమైన గడ్డినే పెంచారు. అది టిఫ్‌వే 419 అనే బెర్ముడా సంకర రకం, అంటే మన వినాయక పూజలో వాడే గరికకు దగ్గరి బంధువు. కప్పులోని పారదర్శక పలకల మెరుపు వల్ల పైకి లేచిన బంతి ఆటగాళ్ళకు కనిపించలేదు. పలకలకు రంగు వేస్తే వెలుతురు చాలక గడ్డి చచ్చిపోయింది. 1966లో అక్కడ కృత్రిమ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు ఆ స్టేడియం నుంచే వచ్చింది.

భారతీయులకు ఈ నేల చేదు జ్ఞాపకంగా మిగిలింది 1976లో. ఆ ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని మొదటిసారి కృత్రిమ గడ్డిపై ఆడించారు. భారత జట్టు ఏడో స్థానానికి పడిపోయింది.

తయారీలో మూడు తరాలను గుర్తిస్తారు. మొదటి తరం పొట్టి నైలాన్ పోచలతో, ఏ పూరకమూ లేకుండా ఉండేది. 1970ల చివర వచ్చిన రెండో తరంలో పోచలు పొడవయ్యాయి, వాటి మధ్య ఇసుక నింపారు. 1990ల చివరలో వచ్చిన మూడో తరంలో మెత్తని పాలీఎథిలీన్ పోచలు, వాటి మధ్య ఇసుకతో పాటు రబ్బరు గుళికలు వాడారు. ఇంటి తోటల్లోకి వచ్చిన రకాలు ఈ మూడో తరం సంతానమే, కాకపోతే రబ్బరు గుళికలు ఉండవు.

నిర్మాణం

పరుపును అడ్డంగా కోసి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. పైన పచ్చని పోచలు ఉంటాయి. వాటి మొదళ్ళలో గోధుమ రంగు, లేత పచ్చ రంగు ఉంగరాల పోగులు చిక్కగా ఉండి ఎండుగడ్డి కలిసిన సహజ రూపాన్ని ఇస్తాయి, నిలువు పోచలకు ఊతంగా కూడా పనిచేస్తాయి. కింద ఉండేది అడుగు పొర. ఇది సాధారణంగా పాలీప్రొపిలీన్‌తో నేసిన గుడ్డ. తివాచీలు కుట్టే యంత్రం లాంటిదే పోగులను ఈ గుడ్డలోకి కుచ్చులుగా దించుతుంది. ఆ కుచ్చులు ఊడిరాకుండా గుడ్డ వెనుక జిగురు పూత పూస్తారు. అది లేటెక్స్ కావచ్చు, పాలీయురేథేన్ కావచ్చు. నీరు దిగడానికి పూతలో వరుసగా చిన్న రంధ్రాలు చేస్తారు.

అంగడిలో ఎక్కువగా వినిపించే కొలత పోచ ఎత్తు. 25, 35, 40, 50 మిల్లీమీటర్ల రకాలు దొరుకుతాయి. ఎత్తు పెరిగితే మన్నిక పెరుగుతుందన్నది అపోహ. పొడవైన పోచ త్వరగా వాలిపోతుంది. మన్నికను తెలిపే కొలతలు వేరే ఉన్నాయి. పోగు లావును డీటెక్స్‌లో చెబుతారు, అంటే 10,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. చదరపు మీటరుకు ఎన్ని కుచ్చులు, పోగు మొత్తం బరువు ఎంత, ఒక కుచ్చును ఊడబెరకడానికి ఎంత బలం కావాలి అన్నవి మిగతావి. ఈ వివరాలున్న పత్రం ఇవ్వని సరుకు మన్నికను అంచనా వేయడానికి ఆధారం ఏదీ ఉండదు.

పోగు పదార్థాలు

ఇంటి గడ్డిలో మూడు ప్లాస్టిక్‌లు వాడతారు. పాలీఎథిలీన్ మెత్తగా ఉంటుంది, చెప్పులు లేని కాళ్ళకు హాయి, ఎండకు తట్టుకునేలా చేయడం తేలిక. అందుకే మంచి రకాల నిలువు పోచలన్నీ దాదాపు దీనితోనే చేస్తారు. పాలీప్రొపిలీన్ చౌక, కాస్త గరుకు. దాని అణుగొలుసు నిర్మాణంలోనే ఎండకు తొందరగా లొంగే బిందువులు ఉన్నాయి. మొదళ్ళలోని ఉంగరాల పోగులకు అది సరిపోతుంది కానీ, మొత్తం గడ్డే దానితో చేసినదైతే ఆరుబయట ఎక్కువ కాలం నిలవదు. పొట్టి పోచలతో, పట్టాలా పల్చగా ఉండే చవక గ్రాస్ మ్యాట్లు ఎక్కువగా ఈ కోవవే. నైలాన్ అన్నిటికన్నా గట్టిది, వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది. ధర ఎక్కువ, తేమ పీలుస్తుంది, చర్మానికి గీసుకుంటుంది. ఇళ్ళలో అరుదు.

పోచ ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. రిబ్బనులా చదునుగా ఉన్న పోచ ఒకసారి మడత పడితే లేవదు. అడ్డుకోతలో అర్ధచంద్రంలా గానీ, మధ్యలో వెన్నుగీతతో గానీ ఉండే పోచ తొక్కిన తర్వాత మళ్ళీ నిలబడుతుంది.

ఎండ ప్రభావం

కృత్రిమ గడ్డి ఆయువును నిర్ణయించే వాటిలో అతి ముఖ్యమైనది సూర్యకాంతిలోని అతినీలలోహిత భాగం. ప్లాస్టిక్ అణువులు పొడవాటి గొలుసులు. శుద్ధమైన పాలీఎథిలీన్ ఈ కిరణాలను పెద్దగా పీల్చుకోదు. తయారీలో మిగిలిపోయిన సూక్ష్మ మాలిన్యాలు, కరిగించేటప్పుడు ఆక్సిజన్ తగిలి ఏర్పడిన సమ్మేళనాలు మాత్రం పీల్చుకుంటాయి. అక్కడ గొలుసు తెగి స్వేచ్ఛా రాశులు (ఫ్రీ రాడికల్స్) పుడతాయి. అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లవుతాయి, ఆ పెరాక్సైడ్లు విడిపోయి ఇంకా కొన్ని రాశులను పుట్టిస్తాయి. ఒకసారి మొదలైతే తనను తాను పెంచుకుంటూ పోయే చర్య ఇది. బయటికి కనిపించే ఫలితం మనకు తెలిసినదే: రెండు మూడు వేసవులు ఆరుబయట పడి ఉన్న ప్లాస్టిక్ కుర్చీ రంగు వెలిసి, సుద్దలా పొడి రాలి, కూర్చుంటే విరిగినట్టు గడ్డిపోచ కూడా పెళుసెక్కి ముక్కలవుతుంది.

దీన్ని ఆపడానికి ప్లాస్టిక్‌ను పోగుగా లాగే ముందే అందులో స్థిరకారులు కలుపుతారు. ఎక్కువగా వాడేవి హాల్స్ అనే అమైన్ జాతి రసాయనాలు. పుట్టిన రాశిని పట్టి నిర్వీర్యం చేసి, ఆ పని అయ్యాక తిరిగి తమ క్రియాశీల రూపానికి రాగలగడం వీటి ప్రత్యేకత. అందుకే కొద్ది మోతాదే చాలా ఏళ్ళు కాపాడుతుంది. ఆ రక్షణ శాశ్వతం కాదు. స్థిరకారి నెమ్మదిగా ఉపరితలానికి చేరి వానకు, కడుగుడుకు పోతుంటుంది. ఆమ్లాలు, గంధక సమ్మేళనాలు, క్లోరిన్ తగిలితే దాని శక్తి తగ్గుతుంది. పాలీహౌస్ పైకప్పు షీట్లు గంధకం మందుల పిచికారీ వల్ల త్వరగా చిరగడం ఇదే కారణం చేత. ఇంటి గడ్డి విషయంలో ఈ సంగతికి చాలా విలువ ఉంది. బాత్రూములు కడిగే యాసిడ్‌తోనో, బ్లీచింగ్ పౌడర్‌తోనో గడ్డిని శుభ్రం చేస్తే మురికితో పాటు దాని రక్షణ కూడా కొట్టుకుపోతుంది.

ఎండ అన్ని చోట్లా ఒకటి కాదు. లండన్‌లో చదరపు మీటరు నేలపై ఏడాదికి పడే సౌరశక్తి సుమారు 1,000 యూనిట్లు (కిలోవాట్ గంటలు). హైదరాబాద్‌లో అది దానికి దాదాపు రెట్టింపు. కర్కటరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల తెలుగు నేలపై సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో అవి మే రెండో వారం ప్రాంతం, ఆగస్టు మొదటి వారం. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ అతినీలలోహిత సూచీ 11 దాటడం మామూలు. బ్రిటన్‌లో అది 8 దాటడమే అరుదు. కాబట్టి చల్లని దేశాల తోటల అనుభవంతో చెప్పిన 15, 20 ఏళ్ళ లెక్కను హైదరాబాద్, విజయవాడ, రామగుండం డాబాలకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. వికిరణం రెట్టింపైతే ఆయువు కచ్చితంగా సగమవుతుందని కాదు. స్థిరకారి మోతాదు, ఉష్ణోగ్రత కూడా ఫలితాన్ని మారుస్తాయి. అయినా కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఎంత ఎండకు లెక్కగట్టి ఆ పోగును తయారుచేశారన్నదే. కొందరు తయారీదారులు ఈ సామర్థ్యాన్ని సౌర వికిరణాన్ని కొలిచే కిలోలాంగ్లీలలో చెబుతారు. లండన్‌లో ఏడాదికి సుమారు 86 కిలోలాంగ్లీల వికిరణం పడితే హైదరాబాద్‌లో 160కి పైగా పడుతుంది.

వేడి

సహజమైన పచ్చిక నీటిని ఆవిరిగా వదులుతూ తనను తాను చల్లబరచుకుంటుంది. ప్లాస్టిక్‌కు ఆ ఏర్పాటు లేదు. ఎండలో కృత్రిమ గడ్డి ఉపరితలం 60 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో 2002లో తీసిన కొలతల్లో ఒక ఆట మైదానం ఉపరితలం 93 డిగ్రీలను తాకింది. వేడి పోగును వెంటనే కరిగించదు కానీ, పైన చెప్పిన విచ్ఛిన్న చర్యను వేగవంతం చేస్తుంది. మెత్తబడిన పోచ బరువు కింద వాలి, చల్లారాక అదే వంపులో గట్టిపడుతుంది. నీళ్ళు చల్లితే కొద్దిసేపు చల్లబడుతుంది, మండుటెండలో మళ్ళీ త్వరలోనే వేడెక్కుతుంది. పసిపిల్లలు, పెంపుడు కుక్కలు నడిచే చోట ఇది మన్నికకు మించిన సమస్య. అరికాళ్ళు కాలతాయి.

కరిగిపోవడం కూడా ఉంది. పాలీఎథిలీన్ రకాన్ని బట్టి 105 నుంచి 135 డిగ్రీల మధ్య కరుగుతుంది. వేడిని తిప్పికొట్టే పూత ఉన్న కిటికీ అద్దాలు, కొద్దిగా లోపలికి వంగి ఉన్నప్పుడు, ఎండను ఒకచోటికి కేంద్రీకరించి గడ్డిని కాల్చిన ఉదంతాలు అమెరికాలో చాలా నమోదయ్యాయి. మచ్చ సూర్యుడితో పాటు జరుగుతూ చారగా ఏర్పడటం దీని గుర్తు. మన ఇళ్ళలో ఇంతకన్నా ఎక్కువగా కనిపించేవి దీపావళి గాయాలు. చిచ్చుబుడ్డి రవ్వ పడినచోట పోచలు ముడుచుకుపోయి నల్లని ముద్దలవుతాయి. వాటిని బాగుచేయడం కుదరదు, ఆ మేరకు కోసి వేరే ముక్క అతకాలి. కొనేటప్పుడు మిగిలిన ముక్కలను దాచుకోవాలనేది అందుకే. తర్వాత కొన్న ముక్క అదే రకమైనా, ఎండకు వెలిసిన పాతదాని పక్కన రంగు కలవదు.

నీరు, అడుగు పొర

వాన నీరు పోచలకు హాని చేయదు. కింద నిలిస్తేనే చేటు. లేటెక్స్ పూత రోజుల తరబడి తడిలో నానితే బలం కోల్పోతుంది, ఆరినప్పుడు పొడిగా రాలుతుంది. అప్పుడు కుచ్చులు పట్టు తప్పి, ఊడ్చినప్పుడల్లా చీపురుకు పోచలు వస్తుంటాయి. పాలీయురేథేన్ పూత తేమకు మెరుగ్గా నిలుస్తుంది.

తెలుగు పట్టణాల్లో గడ్డిని ఎక్కువగా నేల మీద కాక స్లాబు మీద పరుస్తున్నారు కనుక ఈ విషయం ఇక్కడ కీలకం. డాబాకు తూము వైపు సరైన వాటం ఉంటే, నీరు అడుగున జారి పోతుంది. వాటం లేని చోట, పిట్టగోడ మూలల్లో, ట్యాంకు పొర్లి కారే చోట నీరు గడ్డి కింద చిక్కుకుంటుంది. పైనుంచి చూస్తే అంతా పచ్చగా పొడిగా కనిపిస్తుంది. రెండు వర్షాకాలాలు గడిచాక అలాంటి మూలను పైకెత్తి చూస్తే స్లాబు మీద ఆకుపచ్చని పాచి, ముక్కిపోయిన వాసన, గోధుమ రంగు లేటెక్స్ నలుసులు, తూము దగ్గర చేరి గడ్డకట్టిన మట్టి కనిపిస్తాయి. ఆ చెమ్మ గడ్డితో ఆగదు. స్లాబులో అప్పటికే సన్నని పగుళ్ళుంటే కింది గది పైకప్పుకు మరకలు దిగుతాయి. గడ్డి పరిచి ఉన్నందువల్ల పగులు ఎక్కడుందో కనిపెట్టడమూ కష్టమవుతుంది. అందుకని డాబా మీద పరిచే ముందు వాటం, వాటర్‌ప్రూఫింగ్ సరిచూసుకోవడం, గడ్డి కింద నీరు పారేందుకు గుబ్బలున్న ప్లాస్టిక్ డ్రైనేజీ పలకలు వేయడం మంచి పద్ధతి. ఆరుబయట గడ్డిని స్లాబుకు మొత్తంగా జిగురుతో అంటించడం మంచిది కాదు. అంచుల్లో మాత్రం పట్టించి, అవసరమైతే చుట్టి ఎత్తగలిగేలా ఉంచాలి.

బోరు నీటి సంగతి వేరు. ఉప్పదనం ఎక్కువున్న నీళ్ళతో తరచూ కడిగితే పోచల మీద, రంధ్రాల్లో తెల్లని తెట్టు కడుతుంది. రంధ్రాలు పూడితే నీరు దిగదు. సముద్ర తీరాన విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలి గడ్డినేమీ చేయదు కానీ, దాన్ని పట్టి ఉంచే ఇనుప మేకులను తినేస్తుంది.

తొక్కిడి

ఇంటి తోటలో నడక తక్కువ, కాబట్టి అరుగుదల ఆటస్థలంలో కన్నా చాలా నెమ్మది. అరుగుదల ఉన్నా అది ఒకేలా ఉండదు. తలుపు నుంచి ట్యాంకు దాకా, ఉయ్యాల కింద, బట్టలు ఆరేసే తీగల వెంట దారులు పడతాయి. కుర్చీ కాళ్ళు, పూలకుండీలు కదలకుండా ఉన్నచోట పోచలు శాశ్వతంగా అణిగిపోతాయి. కుండీ కింద ఎప్పుడూ తడి ఉంటుంది గనుక అక్కడ అడుగు పొర కూడా ముందే పాడవుతుంది.

పరిచే విధానం

మట్టి నేల మీద పరిచేటప్పుడు పై మట్టిని తీసేసి, కంకర, దాని మీద రాతి పొడి పోసి గట్టిగా దిమ్మిస చేస్తారు. నేల మెత్తగా ఉంటే ఏడాది తిరక్కుండానే గుంటలు పడి, అక్కడ నీరు నిలుస్తుంది. కంకర కింద కలుపు రాకుండా నేసిన గుడ్డ వేస్తారు. తుంగ మాత్రం దాన్ని కూడా పొడుచుకుని పైకి వస్తుంది, కాబట్టి గడ్డలతో సహా ముందే తవ్వి తీసేయాలి. నల్లరేగడి నేలల్లో జాగ్రత్త మరింత అవసరం. వేసవిలో ఆ నేల నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. పైన ఎంత సాఫుగా చేసినా పలచని కంకర పొర ఆ కదలికను ఆపలేదు.

చుట్టలన్నిటినీ పోచలు ఒకే దిక్కుకు వాలేలా పరుస్తారు. రెండు చుట్టలు కలిసే చోట కింద వెడల్పాటి పట్టీ వేసి పాలీయురేథేన్ జిగురుతో అతుకుతారు. చాలా చోట్ల తక్కువ ఖర్చని చెప్పుల జిగురు లాంటి రబ్బరు జిగురు పూస్తున్నారు. అది వేసవి వేడికి మెత్తబడి వదిలేస్తుంది. అతుకు తెరుచుకుంటే అంచులోని కుచ్చులు వరుసగా ఊడటం మొదలవుతుంది. పనివాడి నైపుణ్యం అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది ఈ అతుకులోనే.

చివర పోచల మధ్య కడిగి ఆరబెట్టిన సన్నని సిలికా ఇసుక చల్లి బ్రష్‌తో దించుతారు, చదరపు మీటరుకు సుమారు 5 నుంచి 8 కిలోలు. ఈ ఇసుక పోచలను నిలబెడుతుంది, పరుపు గాలికి లేవకుండా, ముడతలు పడకుండా బరువునిస్తుంది, మొదళ్ళకు, అడుగు పొరకు ఎండ తగలకుండా కప్పుతుంది. ఇల్లంతా ఇసుకవుతుందని మన దగ్గర చాలామంది దీన్ని వద్దంటారు. పొట్టి పోచల గడ్డికి ఇసుక లేకపోయినా నడుస్తుంది. 35 మిల్లీమీటర్లు దాటిన రకానికి ఇసుక మానేస్తే ఆయువులో కొంత వదులుకున్నట్టే.

సంరక్షణ

నీళ్ళు పోయనక్కర్లేదు, కత్తిరించనక్కర్లేదు గానీ, పని అసలే ఉండదన్న ప్రచారం నిజం కాదు. రాలిన వేపాకు, పూరేకులు, దుమ్ము పోచల మొదళ్ళలో చేరి కుళ్ళితే మట్టి పొర తయారవుతుంది. దానిలో గాలికి వచ్చిన విత్తనాలు మొలుస్తాయి. వారానికోసారి ఊడ్చి, నెలకోసారి గట్టి నైలాన్ బ్రష్‌తో వాలుకు ఎదురుగా దువ్వితే చాలు. ఇనుప తీగల బ్రష్ పోగును చీల్చేస్తుంది. పావురాల రెట్టలు, కుక్క మూత్రం పోచకు చేసే హాని తక్కువ, వాసనే సమస్య. వెంటనే మంచి నీళ్ళతో కడిగితే పోతుంది. నూనె, కూరల మరకలకు పలచని సబ్బు నీళ్ళు సరిపోతాయి. వానాకాలం ముందు తూములు శుభ్రం చేయడం, వానాకాలం తర్వాత ఒక మూల ఎత్తి అడుగు చూడటం డాబా గడ్డికి ఏడాదిలో తప్పనిసరిగా చేయవలసిన రెండు పనులు.

పరీక్షలు, వారంటీ

ఐరోపాలో క్రీడా ఉపరితలాలకు ఈఎన్ 15330 ప్రమాణం, కృత్రిమ ఎండలో పరీక్షించడానికి ఈఎన్ 14836 పద్ధతి ఉన్నాయి. పోగును దీపాల కింద నిర్ణీత కాలం ఉంచి, తర్వాత లాగి చూస్తారు. తొలి బలంలో సగమైనా మిగిలితే ఉత్తీర్ణం. వారంటీ పత్రాల్లోనూ సాధారణంగా ఇదే కొలబద్ద కనిపిస్తుంది. పోగు బలం 50 శాతానికి మించి తగ్గితేనే లోపమని వాటి అర్థం. రంగు కొంత వెలిసిపోవడం, పోచలు వాలిపోవడం, అతుకులు వదలడం చాలా పత్రాల పరిధిలోకి రావు. పరిహారం కూడా తరచుగా గడిచిన ఏళ్ళను బట్టి తగ్గుతూ పోతుంది. 8 ఏళ్ళ వారంటీలో ఆరో ఏట ఫిర్యాదు చేస్తే చేతికందేది కొద్ది భాగమే. ప్రతిబింబ కాంతికి కాలడం, యాసిడ్ వాడకం, నీరు నిలవడం మినహాయింపుల జాబితాలో ఉంటాయి. వారంటీ ఏళ్ళు, వాడదగిన ఏళ్ళు ఒకటి కావని గుర్తించి ఆ కాగితం చదవాలి.

ఆయువు తీరిన గుర్తులు

బాగా ఎండ పడే చోట ఒక పోచను వేళ్ళ మధ్య పట్టి గట్టిగా రుద్ది చూడాలి. వేలికి సుద్ద లాంటి తెల్లని పొడి అంటితే ఉపరితలం విచ్ఛిన్నం మొదలైనట్టు. పోచను గోటితో మడిచినప్పుడు వంగకుండా తునిగితే స్థిరకారి అయిపోయినట్టే. ఊడ్చిన చెత్తలో ఆకుపచ్చ తునకలు రోజూ కనిపించడం దాని తర్వాతి దశ. ఈ దశకు వచ్చిన గడ్డిని ఇంకో ఏడాది లాగుదామనుకోవడం మంచిది కాదు, ఆ తునకలన్నీ వాన నీటితో కాలువలోకి పోయే ప్లాస్టిక్. రంగు వెలిసిపోవడం ఒక్కటే అయితే అది అందానికి సంబంధించిన లోపం మాత్రమే.

పర్యావరణం, వివాదాలు

కృత్రిమ గడ్డికి అనుకూలంగా చెప్పే ప్రధాన వాదన నీటి ఆదా. పురుగుమందులు, ఎరువులు అక్కర్లేదు. వేసవిలో ట్యాంకర్ నీళ్ళు కొనుక్కునే కాలనీల్లో ఇది చిన్న విషయం కాదు. మొక్కలు పెరగని నీడ బాల్కనీల్లో, మట్టి బరువు మోయలేని డాబాల్లో పచ్చదనపు రూపానికి ఇది అందుబాటులో ఉన్న మార్గం.

ఎదురు వాదనలు బలమైనవి. ఈ నేలలో వానపాముకు, చీమకు, పిట్టకు ఏమీ దొరకదు. మట్టి ఊపిరాడక గట్టిపడుతుంది. అరిగిన పోగులు సూక్ష్మ ప్లాస్టిక్‌గా నీటిలో కలుస్తాయి. ఎండకు పాతబడే పాలీఎథిలీన్ మీథేన్, ఎథిలీన్ వాయువులను వదులుతుందని హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో చూపారు. పాత నైలాన్ మైదానాల రంగుల్లో సీసం ఉన్నట్టు 2008లో అమెరికాలోని న్యూజెర్సీలో బయటపడింది. పోగు అరిగి పొడి అయ్యే కొద్దీ అలాంటి పదార్థాలు బయటికి వచ్చే అవకాశం పెరుగుతుంది. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2022లో చెల్సీ పూల ప్రదర్శనలో కృత్రిమ గడ్డిని నిషేధించింది. ఐరోపా సంఘం 2023లో తెచ్చిన సూక్ష్మ ప్లాస్టిక్ నిబంధనల ప్రకారం మైదానాల్లో నింపే ప్లాస్టిక్, రబ్బరు గుళికల అమ్మకం 2031 అక్టోబరు తర్వాత ఆగిపోతుంది. ఇసుక నింపే ఇంటి గడ్డికి ఇది వర్తించదు. భారతదేశంలో 2022 జులై 1 నుంచి అమలైన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధ జాబితాలో కృత్రిమ గడ్డి లేదు.

నీరు కొంత దొరికే చోట గరిక, కొరియన్ గడ్డి లాంటి సహజ రకాలు నిలదొక్కుకుంటాయి. ఎండకు వాడినా తొలకరికి గరిక తిరిగి చిగురిస్తుంది. కృత్రిమ గడ్డికి ఆ గుణం లేదు కాబట్టి రెండింటి ఖర్చును పోల్చేటప్పుడు మార్పిడి ఖర్చు కూడా కలిపి లెక్క వేయాలి.

తొలగింపు, మార్పిడి

పాత గడ్డిని తిరిగి కరిగించి వాడటం కష్టం. పోచ ఒక ప్లాస్టిక్, అడుగు గుడ్డ ఇంకొకటి, వెనుక పూత మరొకటి, మధ్యలో ఇసుక. వీటిని విడదీసే కర్మాగారాలు ప్రపంచంలోనే తక్కువ. మన పట్టణాల్లో ఇది చివరికి చెత్త దిబ్బకే చేరుతుంది. కాల్చడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. పొగ ఊపిరితిత్తులకు చేటు, కరిగిన ముద్ద నేలకు అంటుకుపోతుంది. ఇంకా పెళుసెక్కని భాగాలను కోసి పశువుల కొట్టానికి దూరంగా, నీడ ఉన్న వరండాలో కాలిపట్టాలుగా కొన్నాళ్ళు వాడుకోవచ్చు. పశువులకు అందే చోట వేస్తే ప్లాస్టిక్ పోచలు వాటి కడుపులోకి పోయే ప్రమాదం ఉంది.

మట్టి నేల మీద అయితే కింద వేసిన కంకర, రాతి పొడి పొరలు సాధారణంగా రెండో గడ్డికి కూడా పనికొస్తాయి. గుంటలు పూడ్చి, మళ్ళీ దిమ్మిస చేసి, కొత్త చుట్టలు పరిస్తే సరిపోతుంది కాబట్టి రెండోసారి ఖర్చు మొదటిదానికన్నా తక్కువ. డాబా మీద పాతది తీసిన వెంటనే కొత్తది పరచకూడదు. స్లాబును రుద్ది పాచి తీసి, కొన్ని రోజులు పూర్తిగా ఎండనిచ్చి, తూములు మూసి నీళ్ళు కట్టి కింది గదిలో చెమ్మ దిగుతుందో లేదో చూసి, పగుళ్ళు పూడ్చిన తర్వాతే తిరిగి పరవాలి.